సీజర్‌కి కళ్లజోడు: కొనే ముందు, పెట్టే ముందు

ప్రశ్న: మాది మదనపల్లె. మా సీజర్ అయిదేళ్ల జర్మన్ షెపర్డ్, 34 కిలోలు. మూడు నెలల కిందట రెండు కళ్లలోనూ బయటి మూల నుంచి ఎర్రటి పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంటే డాక్టరుకు చూపించాం. పానస్ అన్నారు. స్టెరాయిడ్ చుక్కలు రాసి, జీవితాంతం వాడాలి, ఎండ తగలనివ్వొద్దు అన్నారు. మా ఊరు చల్లగానే ఉంటుంది కదా, ఎండ గొడవేమిటో అర్థం కాలేదు. ఆన్‌లైన్‌లో అయిదు వందలకి కుక్కల గాగుల్స్ తెప్పిస్తే, పెట్టిన నిమిషంలో కాలితో లాగి పారేస్తున్నాడు. మావారి కూలింగ్ గ్లాసులకి ఎలాస్టిక్ కట్టి పెట్టొచ్చా? రోజూ ఉదయం తొమ్మిదికి మావారు వాణ్ని బైక్ ముందు కూర్చోబెట్టుకుని టమాటా తోటకి తీసుకెళ్తారు. గాగుల్స్ అలవాటైతే చుక్కలు తగ్గించవచ్చా? మా చెల్లెలు తన పగ్‌కి కూడా ఒకటి కొంటానంటోంది, కొనమంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు చుక్కల సంగతి. తగ్గించకూడదు. పానస్ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర) మీదే దాడికి దిగడం. ఆ దాడిని అణచేది మీ చుక్కలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ, ఆ మంటకి ఆజ్యం పోస్తాయి. గాగుల్స్ చేసే పనల్లా ఆ ఆజ్యం పడకుండా చూడటం. అది బాగా జరిగితే వానాకాలంలోనో చలికాలంలోనో మోతాదు తగ్గించే వీలు దొరకొచ్చు. కానీ ఆ మాట కార్నియాని దీపం పెట్టి చూసిన డాక్టరు చెప్పాలి. పొర పలచబడింది కదా అని ఇంట్లో మనమే ఆపేస్తే కొన్ని వారాల్లో మళ్లీ పాకుతుంది. ఎర్రటి పొర మందుకి లొంగుతుంది గానీ, దాని వెనకే వచ్చే నల్లటి మచ్చ ఒకసారి గట్టిపడ్డాక అంత తేలిగ్గా పోదు. చూపు తీసేది అదే.

ఊరు చల్లగా ఉంటుంది కదా అన్నారు. చర్మానికి తెలిసే వేడి వేరు, కంటిని కాల్చే యూవీ వేరు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. ప్రతి వెయ్యి మీటర్లకీ యూవీ 10 శాతం పైచిలుకు పెరుగుతుంది. ఆ లెక్కన కింద తిరుపతిలో వేడికి ఒగర్చే కుక్క కంటికన్నా చల్లగాలిలో తిరిగే మీ వాడి కంటికే యూవీ ఒక పిసరు ఎక్కువ. ఆదివారం సరదాగా హార్స్‌లీ హిల్స్ ఎక్కిస్తే 1200 మీటర్లు దాటేస్తారు, ఇంకొంచెం ఎక్కువ. అమెరికాలో కొలరాడో లాంటి మిట్ట ప్రాంతాల్లో జర్మన్ షెపర్డ్‌లకి ఈ జబ్బు ఎక్కువగా, మొండిగా వస్తుందని పశువుల కంటి డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. గ్రేహౌండ్, బెల్జియన్ టెర్వూరెన్ జాతుల్లో కూడా ఇది కనిపిస్తుంది. మన వీధి కుక్కల్లో అరుదు.

అందుకే గాగుల్స్‌కన్నా ముందు మార్చాల్సింది ఆ తొమ్మిది గంటల ప్రయాణం. దీనికి పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్ తెరిస్తే యూవీ సూచిక అని ఒక అంకె ఉంటుంది. అది 3 లోపు ఉంటే సీజర్ ఉత్త కళ్లతో తిరగొచ్చు. 3 నుంచి 7 దాకా ఉంటే గాగుల్స్ ఉండాల్సిందే. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గాగుల్స్ ఉన్నా బయటికి వద్దు. వేసవిలో ఉదయం తొమ్మిదికే 3 దాటిపోయి ఉంటుంది. ఏడు లోపు వెళ్లి వచ్చేయండి, లేదా సాయంత్రం అయిదున్నర తర్వాత తిప్పండి. పగలంతా పెరట్లో కట్టేసే అలవాటుంటే మానండి. వేపచెట్టు నీడ చాలదు. యూవీలో చాలా భాగం నేరుగా సూర్యుడి నుంచి కాక ఆకాశమంతా చెదిరి పక్కల నుంచి వస్తుంది. పైన కప్పు, కనీసం రెండు వైపుల గోడ ఉన్న చోటే కంటికి నిజమైన నీడ. కారులో వెళ్తే అద్దాలు ఎత్తేసినా పక్క అద్దాల గుండా యూవీ కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ అతికించిన రకం కాబట్టి బాగా ఆపుతుంది, పక్కవి అలా ఉండవు.

ఇక మీవారి కూలింగ్ గ్లాసులు. వద్దండీ. అవి మనిషి ముక్కుదూలం మీద, చెవుల మీద ఆనేలా చేసినవి, కుక్క ముక్కు, చెవులు ఆ తీరులో ఉండవు. కుక్క కళ్లు మన కళ్లలా తిన్నగా ముందుకి కాకుండా కాస్త పక్కలకి తిరిగి ఉంటాయి. మన అద్దాలు పెడితే బయటి మూల మొత్తం బట్టబయలు. పానస్ మొదలయ్యేదే ఆ మూల నుంచి కాబట్టి కాపాడాల్సిన చోటే వదిలేసినట్టవుతుంది. పైగా ఎలాస్టిక్ బిగిస్తే ముక్కు దగ్గరి మెత్తలు నేరుగా కంటి లోపలి మూలలో, కుక్కలకి అక్కడ ఉండే మూడో రెప్ప మీద గుచ్చుకుంటాయి. పిల్లల ఈత గాగుల్స్ పెట్టేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా చెడ్డ ఆలోచన. కంటిగుడ్డు చుట్టూ గాలి పీల్చి పట్టేస్తాయి, లోపలంతా ఆవిరి.

కుక్కల కోసమే చేసినవాటిలో రెండు తరహాలు ఉన్నాయి. 1997లో కాలిఫోర్నియాలో మొదలైన డాగుల్స్ కంపెనీది ఒకటి: చుట్టూ మెత్తని ఫోమ్ అంచు, తల వెనక ఒక పట్టీ, గవద కింద ఒక పట్టీ. అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్ ఇసుకగాలుల్లో తన కుక్కలకి ఇవే పెట్టింది. రెండోది వయోమింగ్ రాష్ట్రం నుంచి వచ్చే రెక్స్ స్పెక్స్ తరహా: రెండు కళ్లకీ విడివిడిగా గుండ్రంగా ఉబ్బిన పెద్ద లెన్సులు, విప్పి మార్చుకునే వీలు. దాన్ని మొదలుపెట్టినవాళ్ల కుక్కలకి ఎండవల్ల వచ్చే కంటి జబ్బులే ఉన్నాయి, కాబట్టి ఆకారం మీ అవసరానికి దగ్గరగా ఉంటుంది. మన మార్కెట్లో దొరికే చవక రకాలు చాలావరకు మొదటి ఆకారానికి నకళ్లు. నకలైనంత మాత్రాన పారేయక్కర్లేదు, మీ దగ్గరున్నదాన్ని ముందు పరీక్షించండి.

మొదటి పరీక్ష యూవీకి. లెన్సు ఎంత నల్లగా ఉంటే అంత మంచిదని అనుకుంటాం. అది తప్పు. రంగు వెలుతురుని ఆపుతుంది, యూవీని ఆపుతుందని నమ్మకం లేదు. యూవీ ఆపని ముదురు లెన్సు పెడితే చీకటని కనుపాప విప్పారుతుంది, యూవీ ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది. మంచి పాలికార్బొనేట్ లెన్సయితే రంగు లేకుండా తెల్లగా ఉన్నా యూవీని దాదాపు పూర్తిగా ఆపుతుంది. ప్యాకెట్ మీద యూవీ 400 అని ఉండాలి, అంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా ఉన్న కిరణాల్ని, అంటే యూవీ మొత్తాన్నీ ఆపుతుందని అర్థం. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే ఊళ్లో పెద్ద కళ్లద్దాల షాపుకి వెళ్లండి, లెన్సు పెడితే యూవీ ఎంత పోతోందో చూపించే మీటర్ కొన్ని షాపుల్లో ఉంటుంది. అది కుదరకపోతే 500 నోటు, యూవీ టార్చి చాలు. చీకటి గదిలో టార్చి వెలుగు నోటు మీద వేస్తే నంబరు, కాగితంలో కలిపిన సన్నటి పోగులు మెరుస్తాయి. మధ్యలో లెన్సు అడ్డం పెట్టండి. మెరుపు ఆరిపోతే లెన్సు పనిచేస్తోంది. మెరుస్తూనే ఉంటే అది ఉత్త రంగు ప్లాస్టిక్. టార్చి కొనేటప్పుడు 365 నానోమీటర్లు అని ఉన్నది చూడండి. చవక టార్చిలు 395 దగ్గర వెలుగుతాయి. వాటి వెలుగులో కొంత మామూలు ఊదారంగు కాంతి కూడా కలిసుండి మంచి లెన్సుని కూడా చెడ్డదిగా చూపిస్తుంది. టార్చిని కళ్లలోకి మాత్రం, మీ కళ్లలోకైనా వాడి కళ్లలోకైనా, వేయకండి.

రెండో పరీక్ష కొలతలకి. గాగుల్స్ పీకేసే కుక్కల్లో చాలావాటికి అసలు తంటా సైజుతోనే. కిలోల లెక్కన సైజు రాసిన పట్టికని నమ్మకండి. 34 కిలోల లాబ్రడార్ తల, 34 కిలోల షెపర్డ్ తల ఒకటి కావు. షెపర్డ్‌ది సన్నగా సాగిన మూతి, లాబ్రడార్‌ది వెడల్పు నుదురు. టైలర్ టేపు తీసుకుని మూడు కొలతలు రాసుకోండి: మొదటిది కళ్లకి సరిగ్గా ముందు మూతి చుట్టూ; రెండోది కళ్ల వెనక, చెవులకి ముందు, గవద కింద నుంచి తల చుట్టూ; మూడోది ఒక కంటి బయటి మూల నుంచి రెండో కంటి బయటి మూల దాకా నుదుటి మీదుగా. వాడు నోరు తెరిచి ఒగరుస్తున్నప్పుడు కొలవాలి. మూసిన మూతికి కొలిస్తే తర్వాత పట్టీ నోరు తెరవనివ్వదు. కుక్క ఒంటి వేడిని బయటికి పంపేది ముఖ్యంగా ఒగర్పుతోనే, కాబట్టి ఎండలో నోరు కట్టేసినట్టయితే కన్ను కాపాడబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకోండి. చిన్నదాని అంచు కనుబొమ ఎముక దిగి రెప్ప మీద కూర్చుంటుంది.

పెట్టాక చూడాల్సినవి. ఫ్రేము అంచు కంటి గుంత చుట్టూ ఉన్న ఎముక మీదే ఆనాలి. లెన్సు మధ్యలో వేలితో నెమ్మదిగా నొక్కితే అంచు జరిగి కంటి మీదికి రాకూడదు. రెప్ప వేసినప్పుడు వెంట్రుకలు లెన్సుకి తగలకూడదు. తగిలితే లోపల తడి చారలు కనిపిస్తాయి. తల వెనక పట్టీ కింద ఒక వేలు, గవద కింద పట్టీలో రెండు వేళ్లు దూరాలి. గవద పట్టీ దవడ ఎముక మీద ఉండాలి, జారి గొంతు మీదికి వస్తే దగ్గుతాడు. పెట్టుకుని మొరగగలగాలి, నీళ్లు తాగగలగాలి. చివరగా గది చీకటి చేసి, మామూలు టార్చి వెలుగుని పక్క నుంచి, కింద నుంచి ఫ్రేము అంచు మీద వేసి చూడండి. కంటి బయటి మూలలో వెలుగు చుక్క పడుతోందంటే ఎండ కూడా అక్కడ పడుతుంది. షెపర్డ్‌ల సన్న మూతికి ఎక్కువగా ముక్కు పక్కన సందు మిగులుతుంది. ఆ కాస్త సందుతో పెద్ద నష్టం లేదు. బయటి మూలలో సందుంటే మాత్రం ఆ జత మీ వాడికి పనికిరాదు.

పరీక్షలు నెగ్గినా సీజర్‌కి ఇప్పుడు గాగుల్స్ అంటేనే చిరాకు. నిమిషంలో పీకేయడం, మీరు మళ్లీ పెట్టడం, మళ్లీ పీకేయడం, ఇది ఒక ఆటగా కూడా తయారై ఉండొచ్చు. ఒక వారం ఆ గాగుల్స్ వాడికి కనబడకుండా దాచేయండి. ఈ వారంలో మెత్తని వెడల్పాటి హెయిర్ బ్యాండ్‌తో మొదలుపెట్టండి. ఉడికించిన కోడి కార్జం శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి, మామూలు బిస్కెట్లు ఈ పనికి చాలవు. బ్యాండ్‌ని ఒక చేత్తో గుండ్రంగా పట్టుకుని, దాని గుండా రెండో చేత్తో ముక్క చూపించండి. మూతి వాడే దూర్చాలి, మీరు తొడగకూడదు. పూటకి రెండు మూడు నిమిషాలు, రోజుకి రెండు పూటలు. మూడు నాలుగు రోజుల్లో బ్యాండ్ కనుబొమల మీద పెట్టినా పట్టించుకోకుండా ముక్క కోసం చూస్తాడు.

అప్పుడు గాగుల్స్ బయటికి తీయండి. లెన్సులు ఊడే రకమైతే మొదట ఊడదీసి ఉత్త ఫ్రేము పెట్టండి, చూపు మారదు కాబట్టి బెదురు సగం తగ్గుతుంది. ఊడనివైతే తెల్ల లెన్సు జత వెతకండి. పట్టీ పెట్టకుండా ఒక్క సెకను ఆనించి తీసేయండి, ముక్క ఇవ్వండి. రెండు సెకన్లు, అయిదు. పట్టీ పెట్టాక మళ్లీ అయిదు నుంచి మొదలు: పది, ముప్ఫై, నిమిషం. ప్రతిసారీ వాడు కాలు ఎత్తకముందే మీరు తీసేయాలి. ఇందులో అసలు కిటుకు ఇదే. కాలు ఎత్తిన క్షణాన తీశారనుకోండి, కాలు ఎత్తితే పోతుందని నేర్చుకుంటాడు. ఎత్తబోతున్నాడనిపిస్తే గొలుసు పట్టుకుని చకచకా నాలుగడుగులు నడిపించండి. కుక్క నడకలో పడితే ముఖం మీద ఉన్నదాన్ని మర్చిపోతుంది. మనసు కుదుటపడ్డాక ఆగి తీయండి. తిట్టకండి. నేలకేసి ముఖం రుద్దుతూ, మూలుగుతూ నిజంగా బెదిరిపోతే మాత్రం వెంటనే తీసి, మర్నాడు రెండు మెట్లు కిందినుంచి మళ్లీ మొదలుపెట్టండి. అన్నీ కలిపి రెండు వారాలు పట్టొచ్చు, నెల పట్టినా కంగారు పడకండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చుక్కలు వేసిన వెంటనే గాగుల్స్ తొడుగుతారు. చుక్కలంటే కుక్కలకి ఎలాగూ ఇష్టం ఉండదు, రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తే గాగుల్స్ చూడగానే పారిపోతుంది. చుక్కలకీ గాగుల్స్‌కీ కనీసం పావుగంట ఎడం ఉంచండి, వీలైతే గది కూడా మార్చండి. ఒకటికన్నా ఎక్కువ మందులు రాసి ఉంటే ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ అయిదు నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికన్నా చివర. సీసా మీద కుదిపి వాడమని ఉంటే నిజంగానే బాగా కుదపండి, మందు అడుగున పేరుకుని ఉంటుంది.

అలవాటయ్యాక మొదటి వారం ఒక్కోసారి పావుగంట చాలు. తర్వాత గంటదాకా ఉంచొచ్చు. గంటకోసారి తీసి, అంచు ఆనిన చోట వేలితో బొచ్చు విడదీసి చూడండి. గీత పడటం మామూలే. పది నిమిషాలకీ పోకపోతే పట్టీ బిగువెక్కువ. బొచ్చు ఊడి చర్మం ఎర్రగా చెమ్మగా కనిపిస్తే, ఫోమ్‌లో తడి చేరి పుండు పడబోతోందని అర్థం. మానేదాకా పెట్టకండి. ఒంటరిగా వదిలినప్పుడు, నిద్రలో, ఇంకో కుక్కతో కలబడి ఆడేటప్పుడు గాగుల్స్ ఉండకూడదు, ఫ్రేము జరిగి కంటినే గీరుతుంది. పక్క చూపు కొంత తగ్గుతుంది కాబట్టి వెనక నుంచి వచ్చి తాకితే ఉలిక్కిపడి కరిచే కుక్కలుంటాయి. పిల్లలకి చెప్పి ఉంచండి.

లెన్సుని చున్నీ కొంగుతో తుడవకండి. పొడి దుమ్ము మీద బట్ట రుద్దితే సన్నటి గీతలు పడి, ఎండలో ఆ గీతలన్నీ మెరిసి కుక్క అడుగు తీసి అడుగు వేయదు. ముందు కుళాయి కింద పట్టి దుమ్ము పోనిచ్చి, ఒక చుక్క గిన్నెల సబ్బుతో వేళ్లతో కడిగి, మళ్లీ నీళ్లు పోసి, కళ్లద్దాలతో ఇచ్చే మెత్తటి బట్టతో అద్దండి. శానిటైజర్, స్పిరిట్ పై పూతని పాడుచేస్తాయి. ఫోమ్‌ని పిండి నీడలో పూర్తిగా ఆరనిచ్చాకే మళ్లీ పెట్టాలి. లోపల ఆవిరి పడుతోందంటే గాలి రంధ్రాల్లో బొచ్చు ఇరుక్కుందేమో చూడండి, చాలాసార్లు కారణం అదే.

తోట గురించి రెండు మాటలు. గాగుల్స్ దుమ్ముని, పుల్లల్ని, ఉత్తరేణి గింజల్ని ఆపుతాయి. పురుగుమందు పిచికారీని ఆపలేవు, గాలి రంధ్రాల గుండా తుంపర లోపలికి పోయి అక్కడే నిలుస్తుంది. గాగుల్స్ లేనప్పటికన్నా ఉన్నప్పుడే ఎక్కువసేపు కంటికి అంటుకుని ఉంటుంది. మందు కొట్టిన రోజు సీజర్‌ని ఇంట్లోనే ఉంచండి. ఎప్పుడైనా కంట్లో పడితే గాగుల్స్ పీకేసి, శుభ్రమైన నీళ్లు సన్నటి ధారగా పదిహేను, ఇరవై నిమిషాలు పోస్తూనే ఉండి, మందు డబ్బా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బైక్ మీద 34 కిలోల కుక్క, అదీ ట్యాంకు మీద! కంటి సంగతి తర్వాత. గుంతలో బ్రేకు వేస్తే హ్యాండిల్‌కీ మీవారికీ మధ్య నలిగేది వాడే, లేకపోతే ఇద్దరూ పడతారు. ఎంత మంచి గాగుల్స్ పెట్టినా ఆ ప్రయాణం సురక్షితం కాదు. తోటకి నడిపించి తీసుకెళ్లగలిగినంత దూరమైతే నడవండి. లేకపోతే ఆటోలోనో కారులోనో వెనక సీట్లో, ఛాతీకి తొడిగే హార్నెస్ కట్టి కూర్చోబెట్టండి.

నెలకోసారి ఒకే చోట, ఒకే వేళకి, ఫ్లాష్ లేకుండా రెండు కళ్లూ బయటి మూలలు కనిపించేలా ఫోటో తీసి తేదీతో దాచండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే పొర ముందుకొచ్చిందో వెనక్కి తగ్గిందో తెలిసిపోతుంది. మళ్లీ చూపించుకునేటప్పుడు అవి డాక్టరుకి కూడా పనికొస్తాయి. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు మరీ దూరం కాదు, మీ డాక్టరు అవసరమనుకుంటే అక్కడ చూపించొచ్చు. ఒక్క విషయం మాత్రం ఫోటోల దాకా ఆగదు. ఒక కన్ను హఠాత్తుగా చికిలించడం, నీరు ధారగా కారడం, నల్లగుడ్డు మీద తెల్లగా నీలంగా మచ్చ కనిపించడం. ఇవి పానస్ ముదిరిన గుర్తులు కాకపోవచ్చు, కార్నియా మీద పుండు కావచ్చు. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ చుక్క పడితే కార్నియా కరిగి చిల్లు పడే ప్రమాదం ఉంది. తర్వాతి చుక్క వేసే ముందే డాక్టరుకి ఫోన్ చేసి, ఆ రోజే చూపించండి. పచ్చ రంగు మందు వేసి చూస్తే పుండు ఉందో లేదో నిమిషాల్లో తేలుతుంది. పుండు మానేదాకా గాగుల్స్ కూడా పక్కన పెట్టి, డాక్టరు ఇచ్చిన, మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటి గొట్టమే వేయండి. కన్ను నొప్పిగా ఉన్న కుక్క గాగుల్స్‌నే కంట్లోకి తోసుకుంటుంది.

మీ చెల్లెలి పగ్‌కి కొనొద్దనే చెప్తాం. దానికి ఫ్రేము ఆనడానికి మూతే లేదు, కళ్లు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, లెన్సు కార్నియాకి తగిలే ప్రమాదం ఉంటుంది. పగ్ కళ్లకి అసలు బెడద కన్నీళ్లు తగ్గడం, ముక్కు మడతలోని వెంట్రుకలు కంట్లో గుచ్చుకోవడం. మొదటిదానికి డాక్టరు దగ్గర చిన్న కాగితం చీలికతో ఒక్క నిమిషం పరీక్ష ఉంది. నిమిషంలో తడి 15 మిల్లీమీటర్లు పాకితే కన్నీళ్లు సరిపోతున్నట్టు, 10 లోపే ఆగితే మందు మొదలుపెట్టాల్సిందే. గాగుల్స్ కోసం తీసిపెట్టిన డబ్బుతో ముందు ఆ పరీక్ష చేయించమనండి.